కొలువు కోసం వెళ్ళే బధిరులకు దుభాషి ఎవరు?



నంద్యాల ప్రాంతం నుంచి ఒక తల్లి పోయిన నెల ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. ఆమె పెద్ద కుమార్తె పుట్టుకతోనే బధిర. బీకాం పూర్తి చేసింది. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో లెక్కల విభాగంలో ఒప్పంద కొలువుకు దరఖాస్తు చేసుకోగా ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చింది. తల్లి అడిగిన ప్రశ్న ఇది: “చిన్ననాటి నుంచి దాని సైగలు నాకు తప్ప మరెవరికీ అర్థం కావు, మౌలానా. నేనే వెంట వెళ్ళి దాని బదులు సమాధానాలు చెబితే సరిపోదా? డబ్బిచ్చి పరాయి మనిషిని దుభాషిగా పెట్టుకోవాలా? పైగా ఆడపిల్ల కదా!”

అమ్మా, మీరు తప్పక వెంట వెళ్ళండి. కాని ఆమె బదులు మాట్లాడకండి. ఈ మాట నేను గ్రంథం తిరగేసి చెప్పడం లేదు. మీరు చేయబోతున్న పనినే నేను ఒకప్పుడు చేశాను.

ఆరేళ్ళ క్రితం సంగతి. మా వీధి దర్జీ భాయ్ కుమారుడు మూడేళ్ళ వయసులో వచ్చిన మెదడువాపు జ్వరంతో వినికిడి కోల్పోయాడు. హైదరాబాద్‌లో బధిరుల వసతి పాఠశాలలో చదివి, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తి చేశాడు. ఒక ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చినప్పుడు తండ్రి నా దగ్గరకు వచ్చాడు. “మౌల్వీ సాబ్, ఆఫీసర్ల ముందు నాకు నోరు పెగలదు. మీరు తెలుగు బాగా మాట్లాడతారు, వెంట వెళ్ళి రండి” అన్నాడు. పుణ్యకార్యమని బయలుదేరాను.

ఆ గదిలో ముగ్గురు అధికారులున్నారు. ప్రతి ప్రశ్నా నా ముఖం చూసే అడిగారు. రాత్రి షిఫ్టు చేస్తాడా? చేస్తాడు సార్. కోపం ఎక్కువా? చాలా నెమ్మదస్తుడు సార్. జీతం ఎంత ఆశిస్తున్నాడు? మీరెంత ఇస్తే అంత సార్. వీటిలో ఒక్క ప్రశ్ననైనా నేను ఆ అబ్బాయి వైపు తిప్పలేదు. మధ్యలో అతడు రెండుసార్లు నా షేర్వానీ చెయ్యి లాగి, బల్ల మీదున్న ఏదో వస్తువును చూపిస్తూ వేళ్ళతో ఏదో చెప్పబోయాడు. పెద్దల ముందు పిల్లచేష్టలనుకొని అతని చేతిని పట్టుకొని కిందికి దించాను. బధిరుని చేయి పట్టుకోవడమంటే నోరు మూయడమేనని నాకు అప్పుడు తోచలేదు.

కొలువు ఇచ్చారు, కాని ఫిట్టరుగా కాదు. ప్యాకింగ్ విభాగంలో పెట్టెలు మోసే సహాయకుడిగా. మూడు నెలలు చేసి మానేశాడు. “ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదు” అని అసర్ నమాజ్ తర్వాత మసీదు మెట్ల మీద నలుగురి ముందు నేను అన్నాను కూడా.

నాలుగేళ్ళ తర్వాత హైదరాబాద్‌లో మరొక సంస్థ అతన్ని పిలిచింది. ఈసారి దుభాషిని ఆ సంస్థవారే ఏర్పాటు చేశారు. నేను ప్రయాణంలో తోడుగా వెళ్ళి, ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. దుభాషి ఇరవై అయిదేళ్ళ యువతి. తల్లిదండ్రులిద్దరూ బధిరులు కావడం వల్ల మాటకంటే ముందే సైగ నేర్చుకున్నదట. ఆమె అబ్బాయి పక్కన కూర్చోకుండా అధికారి పక్కన కూర్చున్నది. మొదట నాకు వింతగా తోచింది. తర్వాత అర్థమైంది: అధికారి ముఖమూ, ఆమె చేతులూ అతనికి ఒకేసారి కనబడాలి కదా. అతడు సైగ చేస్తుంటే ఆమె “నేను రెండేళ్ళు లేత్ మీద పనిచేశాను” అని ఉత్తమ పురుషలో చెప్పింది. ఆడగొంతులో ఆ మాట విని అధికారి ఒక క్షణం తడబడి, ఆ తర్వాత అతన్నే చూసి మాట్లాడటం మొదలుపెట్టాడు.

అబ్బాయి మూడు ప్రశ్నలు వేశాడు. అగ్నిప్రమాదపు గంట మోగితే నాకెలా తెలుస్తుంది, దీపం వెలిగే ఏర్పాటు ఉన్నదా? మొదటి నెల పని నేర్పే మేస్త్రీ ఎవరు, ఆయనకు రాసి చూపే ఓపిక ఉంటుందా? ప్రకటనలో వేసిన జీతానికీ, ఈ కాగితంలో ఉన్న జీతానికీ తేడా ఎందుకు? ఆ మూడో ప్రశ్నకు అధికారి నవ్వి, కాగితాన్ని సరిచేయించాడు. “మీరెంత ఇస్తే అంత” అని నేను ఎవరి తరఫున చెప్పానో ఆ మనిషి ఇతడే.

బయటకు వచ్చి టీ తాగుతున్నప్పుడు దుభాషి ద్వారా అతన్ని అడిగాను: ఆ రోజు బల్ల మీద ఏం చూపించావు? అది వెర్నియర్ కాలిపర్ అట, లోహపు ముక్కల మందాన్ని కొలిచే పనిముట్టు. “ఏదైనా ఒక ముక్క ఇవ్వమనండి, కొలిచి చూపిస్తాను” అని నాకు చెప్పబోయాడట. ఆ ఒక్క కొలత ఆ గదిలో జరిగి ఉంటే అతడు పెట్టెలు మోయవలసి వచ్చేది కాదేమో. నేను క్షమాపణ అడిగాను. అతడు చేసిన సైగను ఆ యువతి అనువదించకుండా చిరునవ్వు నవ్వింది. ‘వదిలేయండి’ అని అర్థమని తర్వాత తెలిసింది.

అమ్మా, మీ అమ్మాయి సైగలు మీకు మాత్రమే అర్థమవుతాయని రాశారు. చిక్కు అక్కడే ఉన్నది. ఇంట్లో పుట్టిన సైగలు అన్నానికీ నీళ్ళకూ, రమ్మనడానికీ పొమ్మనడానికీ చాలుతాయి. జమాఖర్చులు, ఒప్పంద కాలం, సెలవు నిబంధనలు వాటిలో ఇమడవు. భారతీయ సంజ్ఞా భాష అని వేరొక భాష ఉన్నది. అది చేతులతో చెప్పే తెలుగు కాదు, ఉర్దూ కాదు. దానికి సొంత వ్యాకరణం ఉన్నది. ‘ఎక్కడ’, ‘ఎందుకు’ వంటి ప్రశ్నపదం వాక్యం చివర వస్తుంది. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేస్తాయి, ఆ లేవడమే ప్రశ్నార్థకం. కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో ఈ భాషకోసం పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని స్థాపించింది. 2018లో మూడు వేల పదాలతో వెలువడిన వారి వీడియో నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది. బ్యాంకు, న్యాయస్థానం, వైద్యం, వ్యవసాయం అన్నిటికీ సంజ్ఞలున్నాయి. మీ అమ్మాయి బధిరుల పాఠశాలలో స్నేహితుల మధ్య ఈ భాషను ఎంతో కొంత నేర్చుకొనే ఉంటుంది. మీకు తెలియని మాటలు ఆమెకు తెలిసి ఉండవచ్చు.

పెదవులు చూసి గ్రహించవచ్చు కదా అని కొందరంటారు. అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అనే మూడు మాటలు గొంతు లేకుండా పలికి చూడండి. మూడూ ఒకేలా కనబడతాయి. ఇక నావంటి గడ్డపు మనిషి మాట్లాడినా, నిఖాబ్ ధరించిన మన ఆడవారు మాట్లాడినా ఆ ఉన్నదీ పోతుంది. రాసి చూపించడమూ అందరికీ సరిపోదు. మన ఇళ్ళలో ఈ కష్టం మరింత ఎక్కువ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, దరఖాస్తు ఇంగ్లీషులో. చెవులున్న పిల్లలే ఈ మూడింటి మధ్య తికమక పడుతుంటే, ఏ ఒక్కదాన్నీ వినని పిల్లకు మూడూ పరాయి లిపులే. ఆమె రాసిన వాక్యంలో విభక్తి తప్పితే బుద్ధి మాంద్యమని భావించే అధికారులను నేను చూశాను.

ఇక ధర్మశాస్త్రం ఏమంటుందో చూద్దాం. వికలాంగుల ప్రస్తావన రాగానే హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర) వృత్తాంతం చెప్పడం పరిపాటి. పాఠకులకు అది తెలిసినదే కనుక మళ్ళీ చెప్పను. మదర్సాల్లో మేము చదివే మరొక గ్రంథాన్ని గుర్తు చేస్తాను. ఉస్మానియా ఖలీఫాల కాలంలో, 1869 నుంచి 1876 వరకు, అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వంలో పండితులు హనఫీ న్యాయసూత్రాలను ‘మజల్లా’ పేరుతో క్రోడీకరించారు. అందులోని మూడు నియమాలు వరుసగా, పక్కపక్కనే ఉన్నాయి. 69వది రాతను మాటతో సమానం చేస్తుంది. 70వది మూగవారి పరిచిత సంజ్ఞలకు నోటిమాటకున్న విలువనే ఇస్తుంది. 71వది దుభాషి పలుకును స్వీకరించాలంటుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ మూడింటినీ కంఠస్థం చేశాను, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నాను. అయినా ఆ ఫ్యాక్టరీ గదిలో ఒక్కటీ గుర్తు రాలేదు.

70వ నియమంలో ‘పరిచిత’ అన్న మాటను గమనించండి. అరబీలో అది ‘మఅ్‌హూదా’. ఎవరికి వారు అప్పటికప్పుడు ఊహించుకొనే సైగ కాదు. అర్థం స్థిరపడి, నలుగురూ ఎరిగిన సైగ. ఆ సైగతో కుదిరిన క్రయవిక్రయాలు, వివాహాలు చెల్లుతాయని హనఫీ పండితులు నిర్ణయించారు. నికాహ్‌కు చెల్లే సైగ కొలువుకు చెల్లదా?

దుభాషి స్థానం గురించి మరొక సంగతి. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర)కూ, ఆయన వద్దకు వచ్చే ప్రజలకూ మధ్య అబూ జమ్రా అనే శిష్యుడు దుభాషిగా ఉండేవాడని సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆయన అతన్ని తన ఆసనం మీదనే కూర్చోబెట్టుకొనేవారు. తన సంపదలో వాటా ఇస్తాను, నా వద్దనే ఉండమని కూడా అన్నారు. ఆ వాటాకు కారణం అబూ జమ్రా కన్న ఒక కల అని మరొక ఉల్లేఖనంలో ఉన్నందున దాన్ని జీతమని నేను అనను. ఆసనం సంగతి మాత్రం స్పష్టం. మన సభల్లో దుభాషిని తలుపు దగ్గర నిలబెట్టేవారు ఈ ఉల్లేఖనాన్ని ఒకసారి చదవాలి.

డబ్బు విషయానికి వస్తాను. ఇంటర్వ్యూలో దుభాషిని ఏర్పాటు చేయడం మీ బాధ్యత కాదమ్మా, పిలిచినవారి బాధ్యత. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ‘సంభాషణ’ అంటే సంజ్ఞా భాష కూడా. సమానంగా పాల్గొనడానికి అవసరమైన, సంస్థకు మోయలేని భారం కాని సర్దుబాటును నిరాకరించడం వివక్ష కిందికే వస్తుందని ఆ చట్టం నిర్వచించింది. 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలన్నిటిపై ఈ విధిని నేరుగా మోపింది. ప్రైవేటు వారి విషయంలో చట్టం కొంత వదులుగా ఉన్నమాట నిజమే; అయినా 21వ సెక్షన్ కింద ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ఆ విధానంలో వికలాంగులకు కల్పించే సదుపాయాలను రాసి, ఒక అనుసంధాన అధికారిని నియమించాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. ప్రభుత్వ కొలువుల్లో వికలాంగులకు నాలుగు శాతం రిజర్వేషన్ ఉండగా, అందులో ఒక శాతం బధిరులదీ వినికిడి లోపం ఉన్నవారిదీ.

కనుక ఇంటర్వ్యూ తేదీకి ముందే, ఈ వారంలోనే, మీ అమ్మాయి పేరుతో, ఆమె సంతకంతో ఒక లేఖ పంపండి. భారతీయ సంజ్ఞా భాషా దుభాషి కావాలని, వీలైతే స్త్రీ దుభాషిని పంపాలని స్పష్టంగా రాయండి. అలా కోరడంలో మొహమాటం అక్కరలేదు. వికలాంగ గుర్తింపు కార్డు నకలు జతచేసి, పంపినట్లు రుజువు దాచుకోండి. ఆ ఊళ్ళో దుభాషి దొరకలేదంటే వీడియో కాల్ ద్వారా వేరే ఊరి దుభాషిని కలుపవచ్చని కూడా రాయండి. జవాబు రాకపోతే అదే సంస్థలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడా కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయండి. దేశపు అత్యున్నత న్యాయస్థానంలోనే 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సంజ్ఞా భాషా దుభాషి తోడుగా విచారణలో పాల్గొన్నారు. ఒక కార్యాలయపు ఇంటర్వ్యూ గదికి అది అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మకండి.

దుభాషులు తక్కువన్నది మాత్రం కఠోర వాస్తవం. 2011 జనాభా లెక్కల్లో వినికిడి వైకల్యం ఉన్నవారు యాభై లక్షలకు పైగా తేలారు. శిక్షణ పొంది గుర్తింపు ఉన్న దుభాషులు దేశమంతటా కలిపి కొన్ని వందల మంది మాత్రమే. ఇది మన పిల్లలు నేర్చుకోదగిన వృత్తి. ఇంటర్ తర్వాత చేసే డిప్లొమా ఉన్నది. ముంబయిలో 1983లో నెలకొన్న జాతీయ వాక్‌శ్రవణ వైకల్య సంస్థకు మన హైదరాబాదీయుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయ పూర్వ ఉపకులపతి అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉన్నది. ఆ కేంద్రం గురించి మన మొహల్లాల్లో ఎంతమందికి తెలుసు?

కొందరు జకాత్ నిధి నుంచి దుభాషి రుసుము చెల్లించవచ్చా అని అడుగుతున్నారు. హనఫీ మతం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని యాజమాన్యంలోకి వెళ్ళాలి. కమిటీ నేరుగా దుభాషికి చెల్లిస్తే అది నెరవేరదు. అభ్యర్థి జకాత్‌కు అర్హుడైతే అతని చేతికే ఇవ్వండి, అతడే దుభాషికి చెల్లించుకుంటాడు. సాధారణ సదఖా, చందాలకు ఈ నిబంధన లేదు.

మా అనుభవం కొంత చెబుతాను. గత ఏడాది మా మసీదు కమిటీ, మదర్సా పూర్వ విద్యార్థులు కలిసి చిన్న ఉద్యోగ మేళా జరిపారు. బధిర అభ్యర్థులు పదకొండు మంది వచ్చారు. మేము గర్వంగా ఒక దుభాషిని కూడా పిలిపించాం. అయినా ఎన్ని పొరపాట్లో! పేర్లు మైకులో పిలిచాం. ఆ పదకొండు మంది మధ్యాహ్నం దాకా తమ వంతు రాలేదనుకొని కూర్చున్నారు. దుభాషిని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాం. వెనుక నుంచి వెలుగు రావడంతో ఆమె ముఖం నీడలో పడి ఎవరికీ కనబడలేదు. జుహర్ వేళకు ఆమె వేళ్ళు సహకరించడం మానేశాయి. మరి కాస్త చూడమ్మా అని తొందరపెట్టింది నేనే. ఎక్కువసేపు సాగే పనికి ఇద్దరు దుభాషులుండాలని, ఇరవై ముప్పై నిమిషాలకొకసారి మారాలని ఆమె ఓపికగా చెప్పింది. ముందురోజే కంపెనీల పేర్లు, కొలువుల వివరాలు, అక్కడ వాడే పనిముట్ల మాటలు పంపి ఉంటే సిద్ధపడి వచ్చేదాన్నన్నది. ఇంకొక మాట కూడా అన్నది. భోజనాల వేళ ఒక తండ్రి ఆమెను పక్కకు పిలిచి, లోపల మావాడు ఏమన్నాడమ్మా అని అడిగాడట. “అది అతని మాట, నేను చెప్పకూడదు” అన్నదట. అమానత్ గురించి నేను చేసిన ప్రసంగాలకు లెక్క లేదు. ఆ పిల్ల దాన్ని ఒక్క వాక్యంలో పాటించింది.

అంధ అభ్యర్థుల విషయంలోనూ మేము సరిగా చేయలేదు. దరఖాస్తును ఫొటోగా పంపాం, దాన్ని ఫోనులోని చదివే సాఫ్ట్‌వేర్ చదవలేదు. ఈసారి అక్షరాలుగా టైపు చేసి పంపుతున్నాం. చేతితో రాయలేని వారికి రాతసాయం గురించి విడిగా ఒక నెల రాస్తాను, ఇన్‌షా అల్లాహ్. కొలువు వెతుకుతున్న వికలాంగులకు హైదరాబాద్‌లో కేంద్ర కార్మిక శాఖ నడిపే ప్రత్యేక నేషనల్ కెరీర్ సర్వీస్ కేంద్రం ఉన్నది. ఇలాంటి మేళా జరిపేవారు ముందుగా వారిని సంప్రదించడం మంచిది.

వచ్చే మేళా దరఖాస్తును తయారు చేస్తూ, “మీ వెంట సహాయకుడు వస్తున్నాడా?” అని ఒక ప్రశ్న రాశాను. దర్జీ భాయ్ కుమారుడు ఇప్పుడు ఫిట్టరుగా స్థిరపడ్డాడు. ఆదివారాల్లో వచ్చి నాకు నాలుగేసి సంజ్ఞలు నేర్పుతున్నాడు. ఆ కాగితం చూసి, నా కలం తీసుకొని, ఆ ప్రశ్నను కొట్టివేసి, కింద వంకర టింకర తెలుగు అక్షరాలతో మరొకటి రాశాడు: “మిమ్మల్ని ఏ భాషలో అడగాలి?” దాన్ని అలాగే అచ్చుకు పంపాం. ఒక దుభాషి కుదిరింది. రెండవవారి కోసం ఇంకా వెతుకుతున్నాం.